డేగ కళ్లు తెరవకముందే

ఆఫీసుకు రాగానే ఓంకార్ చేసే మొదటి పని ఒక హత్య.

లాగిన్ కాగానే ల్యాప్‌టాప్‌లో ‘డేగ’ లేస్తుంది. ఉద్యోగి ఏం తెరిచాడో, ఏం టైపు చేశాడో ఫొటోలు తీసి పైవాళ్లకు పంపే సాఫ్ట్‌వేర్ అది. గచ్చిబౌలిలోని ఆ అంతస్తులో దానికి భయపడనిది కాఫీ మెషిన్ ఒక్కటే.

డేగ పూర్తిగా లేచాక ఆపితే మేనేజర్ రామ్మోహనరావుకు మెయిల్ వెళ్లిపోతుంది. అదే, తెర మీద పక్షి బొమ్మ గిరగిరా తిరుగుతుండగా మూసేస్తే మాత్రం కిక్కురుమనకుండా పోతుంది. ఇక అంతమంది ఫొటోల్లో ఒకడివి రాలేదని కనిపెట్టే ఓపిక రామ్మోహనరావుకు ఏ జన్మలోనూ లేదు.

ఈ కిటుకు ఓంకార్‌కు తన రెండో ఉద్యోగంలో తట్టింది. అవును, రెండోది. అదే కుర్చీలో కూర్చుని, ఈ కంపెనీ కాఫీ తాగుతూ, దొంగచాటుగా చేసేది. అక్కడ అతనికి అప్పగించిన పని ఇదే: ఒక అప్లికేషన్ ఇంకా మొదలవుతుండగానే ఎవరైనా మూసేస్తే, అది గొడవ చేయకుండా అన్నీ సర్దుకుని పోయేలా కోడ్ రాయాలి. ఏ అప్లికేషనో వాళ్లు చెప్పలేదు. జీతం పడుతోంది కాబట్టి ఇతనూ అడగలేదు. అదే పద్ధతి డేగ మీద ప్రయత్నిస్తే చక్కగా పనిచేసింది. సాఫ్ట్‌వేర్లన్నీ ఒకే తానులో ముక్కలని పొంగిపోయాడు.

భాగోతం హాయిగా సాగుతుండగా, క్లయింటు కోడ్‌ను ఎవరో ఊడ్చుకుపోయారు. సైబర్ క్రైమ్ ఇన్‌స్పెక్టర్ మమత వచ్చి, మీటింగ్ రూములో ఓంకార్‌ను ఎదురుగా కూర్చోబెట్టింది.

“అందరి సిస్టమ్‌లకెళ్లి కోడ్ పోయింది. నీదొక్కటే పోలే. ఎందుకు?”

“లక్కు, మేడమ్.”

“దొంగ డేగనే. చూస్తున్నట్టు నటించి అన్నీ బయటికి మోసింది. దాన్ని చేసినోళ్లకు లోపల ఎవడో తోడున్నడు. నువ్వేమో రోజూ అది లేవకముందే పండవెడ్తున్నవ్. దొంగోడు తన ఇల్లు తానే దోచుకుంటడా?”

ఓంకార్‌కు ఏసీలో చెమటలు పట్టాయి. నిజం చెబితే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే జైలు. అద్దం తలుపు అవతల రామ్మోహనరావు మెడ సాచి చూస్తున్నాడు. అయినా ఈ ఉద్యోగం ఊడితే ఏం, ఇంకోటి ఉంది కదా! తన ముందుచూపుకు తానే ముచ్చటపడి నోరు విప్పాడు.

“కోడ్ గీడ్ నాకు తెల్వదు మేడమ్. నేను ఇంకో కంపెనీకి చేస్తున్న. గా సంగతి బయటపడొద్దనే డేగను ఆపిన. అమ్మతోడు!”

“రుజువేంది?”

“మా లీడ్ రేఖ మేడమ్‌కు ఫోన్ చేయుండ్రి. బాలానగర్‌ల ఆఫీసు. చిలుకపచ్చ టెక్. రోజంతా వాళ్ల పనే చేస్తనని ఆమెనే చెప్తది.”

మమత రాయడం ఆపింది. అతన్ని కాసేపు జాలిగా చూసింది. మంచినీళ్ల గ్లాసు అతని ముందుకు జరిపింది. అమ్మయ్య, నమ్మిందనుకుని ఓంకార్ గటగటా తాగాడు.

“బేడీలు తీస్కరా,” తలుపు వైపు తిరిగి కానిస్టేబుల్‌ను పిలిచింది మమత. “డేగను తయారుచేసిన కంపెనీల పనిచేస్తున్నట్టు వీడే ఒప్పుకున్నడు.”