నాలుగు భాషల మామగారు

మామగారు పోయాక కూడా ఆట మానలేదు.

ఆ సంగతి మొదట కోడలి కంటపడింది.

పొద్దున్నే టీ గిన్నె స్టవ్ మీద పెట్టి ఫోన్ తెరిచింది. అత్తగారు తప్ప ఇంటిల్లిపాదీ ఆడే మాటల ఆట అది. రోజుకో మాట దాచిపెడతారు, ఊహించి పట్టుకోవాలి. అక్షరం సరైన చోట పడితే గడి పచ్చబడుతుంది. ఎవరి ఆట ఎంతవరకు వచ్చిందో జట్టులో అందరికీ కనిపిస్తుంది.

జట్టులో అందరికంటే పైన మామగారి పేరు. దాని కింద నాలుగు భాషలకు నాలుగు వరుసలు.

నాలుగూ ఆ రోజువే. నాలుగూ పచ్చగా ఉన్నాయి.

టీ పొంగిపోయింది.

మామగారిది బదిలీల ఉద్యోగం. మూడు పరాయి ఊళ్ళు తిరిగి, మూడు కొత్త భాషలు పట్టుకొచ్చిన మనిషి. అత్తగారు ఆయన వెనకే సామాన్లు సర్దుకుంటూ తిరిగారు.

బతికున్నన్నాళ్ళూ భోజనాల దగ్గర ఆ పచ్చటి వరుసలు చూపించి, ఒక్క తెలుగుతో నెట్టుకొస్తున్న కొడుకునీ కోడల్నీ ఆయన జాలిగా చూసేవారు. ఆడుతుండగా మాత్రం ఆయన్ని ఎవరూ చూడలేదు. మేధావులకు ఏకాంతం కావాలి.

ఆయన ఫోన్ బీరువాలో బట్టల కింద ఉంది. కోడలు తీసి చూసింది. ఛార్జింగ్ లేక అదీ ఎప్పుడో పోయింది.

భర్తను లేపి సంగతి చెప్పింది.

"పైన సిగ్నల్ బాగున్నట్టుంది," అన్నాడు అతను, దుప్పటి లాక్కుంటూ.

మర్నాడు కూడా నాలుగు వరుసలూ పచ్చబడేసరికి అతనికి నవ్వు రాలేదు. ఎవడో నాన్న పేరు కాజేశాడని తేల్చాడు. ఆట నడిపేవాళ్ళకు రాశాడు. పేరు తీసేయాలంటే ఆ పేరుగల మనిషే అడగాలనీ, లేకపోతే కొన్నాళ్ళు ఎవరూ ఆడకుండా ఉంటే అదే పోతుందనీ జవాబు వచ్చింది.

ఆ పేరుగల మనిషి చేత అడిగించే దారి లేదు కాబట్టి, ఇక ఎదురు చూడడమే మిగిలింది.

కోడలికి ఒకటే పట్టుదల. ఆ పేరు పోవాలి. పోయిన మనిషిని పోనివ్వాలి.

అత్తగారికి తెలిస్తే ఏమైపోతారోనని కొన్నాళ్ళు దాచింది. చివరికి ఉండబట్టలేక చెప్పేసింది.

అత్తగారు మడతపెడుతున్న తువ్వాలు మీంచి తలెత్తలేదు.

"ఆడుకోనీ అమ్మాయ్. ఎవరినేం చేశారు పాపం."

ఆవిడ ఈమధ్య మాట తగ్గించారు. టీ వడగట్టే జాలీ కావలసి వస్తే 'అది, ఆ చిల్లులది' అని చెయ్యి చూపిస్తున్నారు. భర్త పోయిన దిగులు మనిషిని అలాగే చేస్తుందనుకుంది కోడలు.

ఆటలో ఒకరికొకరు కబురు పెట్టుకునే వీలుంది. ఒక మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక ఆ పేరుకి కోడలు రాసింది.

'చచ్చిపోయిన మనిషి పేరు వాడుకోవడానికి సిగ్గు లేదా?'

జవాబు సాయంత్రానికి వచ్చింది.

'కొన్నాళ్ళే. అన్నీ అయిపోతున్నాయి.'

కోడలు లేచి, గాలి లేకపోయినా, కిటికీలన్నీ మూసేసింది. ఆ కబురు ఎవరికీ చూపించలేదు.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఒక వరుస తెల్లగా ఉండిపోయింది. ఆఖరి బదిలీ ఊరి భాష అది. మధ్యలో ఒకసారి పచ్చబడింది. మళ్ళీ తెల్లబడింది. ఇక మారలేదు.

దొంగకు ఓపిక అయిపోతోందని కోడలు సంబరంగా భర్తకు చెప్పింది. నాన్న అయితే ఇంత తొందరగా ఓడిపోయే మనిషి కాదని అతనూ ఒప్పుకున్నాడు.

తర్వాత రెండో ఊరి భాష పోయింది. ఆ తర్వాత మొదటి ఊరిది.

ఎవరో ఇంట్లో ఒక్కో గది దీపం ఆర్పుకుంటూ వీధి తలుపు వైపు నడిచి వస్తున్నట్టు అనిపించింది కోడలికి. వెళ్ళిపోతున్నందుకు సంతోషంగానే ఉంది. ఆ నడక తన పక్కనుంచే పోతున్నట్టుండడమే బాగాలేదు.

తెలుగు ఒక్కటి మిగిలింది.

అదీ తడబడుతోంది. ఒకప్పుడు రెండో ప్రయత్నంలో తేలిపోయేది, ఇప్పుడు ఆఖరి దాకా వచ్చి ఆగిపోతోంది. కోడలు తన ఆట మానేసి ఆ వరుసనే చూస్తూ కూర్చునేది. తెల్ల గడి, తెల్ల గడి, ఒక్క పచ్చ గడి, మళ్ళీ తెలుపు.

ఓడిపో, అనుకునేది మనసులో. ఓడిపోయి వెళ్ళిపో.

ఒకరోజు పొద్దున వరుసలో రెండు గడులే నిండాయి. మూడోది వెలిగి ఆరుతోంది. వెలిగి ఆరుతోంది. కోడలు టీ తాగడం అయింది, గిన్నె కడగడం అయింది. నాలుగో గడి దాకా రానేలేదు.

అయిపోయింది. ఇక ఆ పేరు పోతుంది.

ఈ మాట ముందు అత్తగారికే చెప్పాలనిపించింది. ఇన్నాళ్ళూ ఆవిడ పైకి అనకపోయినా లోపల ఎంత నలిగిపోయారో. చెయ్యి తుడుచుకుంటూ వెనక గదిలోకి గబగబా నడిచింది.

అత్తగారు మంచం అంచున కూర్చుని ఉన్నారు. ఒళ్ళో ఆవిడ ఫోన్. మోగితే ఎత్తడం తప్ప ఆవిడకు దాంతో ఇంకేమీ రాదని ఇంట్లో అందరి నమ్మకం.

తెర మీద మామగారి పేరు. దాని కింద నిండిన రెండు గడులు, వెలిగి ఆరుతున్న మూడోది. దాని మీద ఆవిడ వేలు కదలకుండా ఆగి ఉంది.

అలికిడికి ఆవిడ తలెత్తి చూశారు. కొత్తవాళ్ళు వచ్చినప్పుడు చేసినట్టే చీర సర్దుకుని, మంచం మీద కాస్త పక్కకు జరిగి చోటిచ్చి, ఎంతో మర్యాదగా అడిగారు.

"రండి, కూర్చోండి. మీరు ఎవరి తాలూకు?"