ప్రేమానందం పేరు కింద

1999లో ఉదయగిరి చెక్క గరిటెల సొసైటీ తన సరుకంతా ఇంటర్నెట్‌లో పెట్టింది. పనివాడి పేరు, దాని కింద అతని గరిటెలు. కింద ఒక్కటి మిగిలి ఉన్నా పై పేరు చెరగదు.

ఒక రాత్రి, సొసైటీ ఆఫీసులో కంప్యూటర్ చూసుకునే రూబీ, కాలం చేసిన ప్రేమానందం మామ పేరు తీసేయబోయింది. ఆయన గరిటెలన్నీ అమ్ముడైపోయాయి. అయినా పేరు చెరగలేదు. కింద ఒకటి ఉందట.

తెరిచి చూసింది. మామ సగం చెక్కి వదిలేసిన చేపతోక పిడి గరిటె! పక్కన ‘తయారవుతోంది’ అని ఉంది.

పక్కనున్న పనిగదిలో చెక్క మీద ఆకురాయి గీరుతున్న చప్పుడు వినిపించింది.

"జయపాలన్నా, లోపల ఎవురు?"

"ఎవురుంటారమ్మా? తాళం నా దగ్గరే ఉండాది," అన్నాడు వాకిట్లోంచి వాచ్‌మన్.

అయినా రూబీ చెవి ఆ చప్పుడును వదల్లేదు. తొందర లేదు, తడబాటు లేదు. అంత నిదానంగా గీరే చెయ్యి ఈ ఊళ్లో ఒక్కటే ఉండేది.

పని పూర్తయ్యాక పొట్టు రాలడానికి మామ గరిటెను పీటకేసి ఒక్కసారి తట్టేవాడు. రూబీ పేరు చెరిపే మీట మీంచి వేలు తీసేసి, ఆ తట్టు కోసమే ఎదురుచూసింది.

గీరుడు ఆగింది. పీట మీద తట్టిన చప్పుడైంది.

తెర మీద ‘సిద్ధం’ అని పడింది.