పుచ్చకాయ మీద విమర్శకురాలు

మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య లిఫ్టు గుర్రుమని ఆగిపోయింది. లోపల ఎర్సీలియా, ఆమె కాళ్ళ దగ్గర ఒక పుచ్చకాయ.

ఎర్సీలియా లిఫ్టు ఎక్కే మనిషి కాదు. తలుపు మూస్తే చాలు, ఆమెకు ఊపిరాడదు. ఇవాళ ఎక్కిందంటే తప్పంతా పుచ్చకాయదే. ఫెర్రాగోస్తో పండగకి పుచ్చకాయ లేకపోతే ఎలా అని పెద్దది చూసి కొనేసింది. అయిదో అంతస్తు దాకా మొయ్యడం ఆమె వల్ల కాలేదు.

ఆగస్టు నడిమధ్యన రోమ్‌లో ఎవరుంటారు? భవనమంతా తాళాలేసుకుని సెలవులకి సముద్రతీరానికి పోయింది. గొంతు చించుకుని అరిచినా వినే నాథుడు లేడు. సెల్‌ఫోనుకి సిగ్నల్ లేదు. ఎర్సీలియా ఒళ్ళంతా చెమట పట్టింది. సాయం కోసం గోడమీది పసుప్పచ్చ బొత్తాం నొక్కింది.

"లిఫ్టుల కంపెనీ. చెప్పండమ్మా." బొత్తాం పక్కనున్న చిల్లుల డబ్బాలోంచి బరబరమంటూ ఎవరో మగమనిషి, అచ్చం రోమ్ సందుల్లో వినిపించే యాసలో.

"ఇరుక్కుపోయానయ్యా! చచ్చిపోతాను!"

"మా లిఫ్టుల్లో ఇంతవరకూ ఎవరూ పోలేదు, మీరు మొదలుపెట్టకండి. నా పేరు సెత్తీమియో. మెకానిక్కు ఊరవతల ఉన్నాడు, బయల్దేరాడు. ఈలోగా కూర్చోండి."

"దేనిమీద కూర్చోను? పుచ్చకాయ మీదా?"

"బాగా పండిందైతే వద్దు."

ఇంత భయంలోనూ ఆమెకు నవ్వొచ్చింది. పుచ్చకాయ మీదే కూర్చుంది.

"మాట్లాడుతూ ఉండండమ్మా. నోరు ఆడితే ఊపిరీ ఆడుతుంది. మీరేం చేస్తుంటారు?"

"ఆదివారం పూట రేడియోలో సినిమాల గురించి చెబుతాను."

"ఓహో, ఆ ఎర్సీలియా గారా! మీ నోట్లో పడకూడదని మొక్కుకునేవాళ్ళం కదమ్మా! కానివ్వండి, ఈ ఏడాది సినిమాలు ఒక్కొక్కటీ ఉతికి ఆరెయ్యండి."

ఇక ఆమెను ఆపడం ఎవరి తరం?

"ఆ ఎగిరే వీరుడి సినిమా చూశారా? వాడికంటే వాడి అంగీ బాగా నటించింది. గాలొస్తే అదైనా కదిలింది!"

"మరి ఆ యుద్ధం సినిమాలో అమ్మాయి?"

"ఇల్లు కూలింది, మొగుడు పోయాడు, ఊరు తగలబడింది. ఆవిడ కాటుక మాత్రం ఇంత కూడా చెదరలేదు. ఆ కాటుక ఎక్కడ దొరుకుతుందో చెబితే నేనూ కొనుక్కుంటాను."

"ఆ పెళ్ళింటి కామెడీ?"

"హాలంతా ఒక్కసారే నవ్వింది. నా పక్కాయన గురక పెట్టినప్పుడు."

డబ్బాలోంచి పకపకా నవ్వు. తర్వాత, "వార్డ్ కెల్సన్ కొత్త సినిమా చూశారా?" అన్నాడు.

ఎర్సీలియా మొహం వాడిపోయింది. ఆ అమెరికా హీరో అంటే ఆమెకు ప్రాణం. అతను కరెంటు బిల్లు చదివినా కన్నీళ్ళు పెట్టుకునేది.

"దాని ఊసెత్తకండి, కడుపు మండిపోతుంది. అదే మొహం, అదే నడక. గొంతూ అదే. కానీ లోపల మనిషి లేడు. ఇల్లు అలాగే ఉంది, కాపురం ఉన్నవాళ్ళు ఖాళీ చేసి పోయారు. ఏమైందో ఏం పాడో ఆయనకి."

ఎర్సీలియా డబ్బాకి చెవి ఆనించింది.

"వింటున్నారా? పోయారా?"

"ఉన్నానమ్మా. తేడా ఎవరికీ తెలీదన్నారు..."

"ఎవరా అన్నది? చెవుల్లో దూది పెట్టుకున్నారా?"

అప్పుడే లిఫ్టులో దీపం ఆరిపోయింది.

చిమ్మచీకటి. నాలుగు గోడలూ మీద మీదకి వచ్చేస్తున్నట్టనిపించింది. ఎర్సీలియా గుండె పట్టేసింది. కేక వేద్దామంటే గాలి అందడం లేదు. గోళ్ళతో తలుపు గీకింది. నిజంగానే పోతున్నాననుకుంది.

"అమ్మా? అమ్మా! పలకండి!"

పలకలేకపోయింది.

ఈసారి డబ్బాలోంచి యాస రాలేదు, బరబర రాలేదు. కెల్సన్ పాత సినిమా ఒకదానిలో, తుఫాను రాత్రి, లైట్‌హౌస్‌లో తండ్రి కూతురితో అనే మాట వచ్చింది. మెల్లగా, నిండుగా, కెల్సనే పక్కన కూర్చుని అన్నట్టు.

"కళ్ళు మూసుకో, చిట్టీ. మూసుకుంటే ఇది నీ చీకటి. నీ చీకటంటే నీకెందుకమ్మా భయం?"

ఎర్సీలియా కళ్ళు మూసుకుంది. చెంపల మీద కన్నీళ్ళు జారాయి. ముందు కొంచెం గాలి, తర్వాత ఇంకొంచెం లోపలికి వెళ్ళింది. అతను ఆ సన్నివేశం మొత్తం చెప్పాడు. తండ్రి మాటలు అతనివి. కూతురి మాటలు, మెల్లగా, ఈమె అందుకుంది.

"ఎంత బాగా అనుకరించారండీ!" అంది చివరికి, ముక్కు తుడుచుకుంటూ. "ఇదెక్కడ నేర్చుకున్నారు?"

"అలవాటమ్మా," అన్నాడు మళ్ళీ పాత యాసలోకి దిగి. "అదిగో, మెకానిక్కు వచ్చేశాడు. పుచ్చకాయ మరిచిపోకండి."

మెకానిక్కు పైనుంచి చక్రం తిప్పి, తలుపు లాగి, ముందు పుచ్చకాయను, తర్వాత ఆమెను బయటికి తీశాడు. మెట్ల మీద కూలబడి ఆమె గుండెలనిండా గాలి పీల్చుకుంది.

"బాబూ, మీ సెత్తీమియో ప్రాణం నిలబెట్టాడయ్యా. ఫోను దగ్గర అలా వృథా అయిపోతున్నాడేమిటి? సినిమాల్లో ప్రయత్నించమని చెప్పు. అచ్చం కెల్సన్‌లా మాట్లాడతాడు!"

మెకానిక్కు పనిముట్లు సర్దుకుంటూ తలెత్తి చూశాడు.

"ఆయన కెల్సన్‌లా మాట్లాడటమేమిటండీ, పోయినేడు దాకా మన ఇటాలియన్‌లో కెల్సన్‌కి డబ్బింగ్ చెప్పింది ఆయనే, ఈ కొత్త సినిమాకే ఆయన గొంతును మిషన్‌కి నేర్పించి ఆయన్ని ఇంటికి పంపేశారు."