తలుపు వెనక రెయిన్‌కోటు

పాలవ్యాను నడిపే మా ఆయన పోయి నెలయింది. ఆయన రెయిన్‌కోటు నిన్నటిదాకా తలుపు వెనక మేకుకే వేలాడేది. దీపం ఆర్పితే చాలు, డ్యూటీ దిగొచ్చి నిలబడ్డ మనిషిలాగే కనిపించేది. "వచ్చారా?" అని అడిగాకే రోజూ నాకు నిద్ర పట్టేది.

పాపకేమో భయం. "అది తీసెయ్యమ్మా" అని ఒకటే ఏడుపు. ఇవాళ గుండె రాయి చేసుకుని, కోటు మడతపెట్టి బీరువాలో దాచేశాను.

దీపం ఆర్పాను. మేకు దగ్గర ఆ ఆకారం అలాగే ఉంది. బయట చుక్క వాన లేదు. గదిలో మాత్రం నేలమీద టప్, టప్‌మని నీళ్లు కారుతున్న చప్పుడు.

పాప నా చెయ్యి పట్టుకుంది. ఈసారి దాని గొంతులో భయం లేదు.

"అమ్మా, కోటు ఇచ్చెయ్యవే. నాన్న తడిసి వణికిపోతున్నాడు."