తేలని గుడ్డు

పడవ నడిపే సరంగు భార్య గిన్నె నిండా నీళ్ళు పోసి కోడిగుడ్లు ఒక్కొక్కటే వదులుతోంది. మంచివన్నీ బుడుంగుమని అడుక్కి పోయాయి. ఒక్కటి మాత్రం పైకి తేలింది. దాన్ని తీసి అవతల పారేసింది.

"చూశావా? కుళ్ళిందంటే తేలి తీరాల్సిందే," అంది మొగుడితో.

సరంగు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

"వెతకడానికొచ్చిన ఆ గజ ఈతగాడూ ఇదేగా చెప్పాడు? మనిషి ముందు మునుగుతాడంట. లోపల గాలి పుట్టాక నీళ్ళకంటే తేలికైపోయి తనే పైకొస్తాడంట. మరి మన పిల్లాడు వచ్చాడా? రాలేదు. అంటే నీళ్ళలో లేడు!"

కొడుకు తీసుకెళ్ళిన పడవ ఖాళీగా సరస్సు నడుమ దొరికి పక్షం దాటింది. వలలు వేసి, మునిగి, వెతికి వెతికి ఈతగాళ్ళంతా వెళ్ళిపోయారు. అన్నాళ్ళూ పచ్చి మంచినీళ్ళు ముట్టని ఆ తల్లి, శవం తేలే గడువు దాటాక లేచి పొయ్యి వెలిగించింది. కొడుకు చొక్కాలు ఉతికి మడత పెట్టింది కూడా.

"ఈతలో చేపపిల్ల కదయ్యా వాడు. అలిగి అవతలి ఒడ్డుకు ఈదేసుంటాడు. కోపం తగ్గితే వాడే వస్తాడు."

"వస్తాడులే," అన్నాడు సరంగు గుమ్మం దాటుతూ.

రేవులో పక్క పడవాయన పలకరించాడు. "ఏం బావా, నీ పడవకి ఎప్పుడూ మునిగుండే తారు గీత నీళ్ళపైకి వచ్చేసిందే! తేలికైనట్టుంది?"

"వాడు ఎక్కడం లేదుగా. ఓ మనిషి బరువు తగ్గింది."

పక్క పడవాయన నాలిక్కరుచుకున్నాడు. "ఊరుకో బావా. వాడు నీళ్ళపాలు కాలేదు, అదే పదివేలు."

సరంగు తెడ్డు అందుకుని సరస్సు నడుమకు పోయాడు. పడవ ఒక్కచోట నిలవడం లేదు. గాలి ఎటు తోస్తే అటు జరిగిపోతోంది. మళ్ళీ మళ్ళీ వెనక్కి తెచ్చుకుంటూ, ఆ నీళ్ళలోకే చూస్తూ కూర్చున్నాడు. కరువుతీరా ఏడవడానికి ఇంట్లో వీల్లేదు.

పడవలో తగ్గింది కొడుకు బరువొక్కటే కాదనీ, ఇనుప లంగరు కూడా తాడుతో సహా ఆ రోజే పోయిందనీ అతను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.