కొంగ ఈక టోపీ

"పెద్దాయనా, టోపీ తియ్యండి!"

ఇబోయా ఆ మాట అనడం అది మూడోసారి.

ముందు వరుసలోని ముసలాయన కదల్లేదు. నల్ల టోపీ, వెడల్పాటి అంచు, దాని పక్కన నిటారుగా జానెడు కొంగ ఈక. వెనక ఇబోయా కూతురు బోరోకా మెడ అటు సాచి, ఇటు సాచి చూస్తోంది. వేదిక కనపడడం లేదు.

బోరోకాకి ఏడేళ్లు. ఈస్టర్ నాటి నుంచీ ఈ ఆట కోసమే రోజులు లెక్కపెట్టింది. వాళ్ల ఊరు దెబ్రెత్సెన్‌లో ఈ ఒక్క మధ్యాహ్నమే ఆడతారు. రాక్ పాటలతో నడిచే జానపద కథ. ఏడు తలల డ్రాగన్ సూర్యుణ్ణి ఎత్తుకుపోతే, ఓ రైతు పిల్ల మాయల గుర్రమెక్కి వెళ్లి విడిపించుకొస్తుంది. నిప్పులు మేసే గుర్రం. వేదిక మీదికి నిజం గుర్రమే వస్తుందట.

బోరోకా వచ్చింది ఆ గుర్రం కోసం.

"చర్చిలో దేవుడికి తీస్తాను. శవం ఎదురైతే తీస్తాను. ఇంకెక్కడా తియ్యనమ్మా," అన్నాడు ముసలాయన, తల తిప్పకుండానే.

"అబ్బో, ఏం గర్వం! టోపీకి కూడా టిక్కెట్టు కొన్నారా ఏంటి?"

చుట్టుపక్కల నవ్వారు. ముసలాయన నవ్వలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. వేళ్ల కొసలన్నీ ఎర్రగా ఉన్నాయి.

"పొద్దున్నుంచే వైను పట్టించినట్టున్నాడు," అంది ఇబోయా మొగుడి చెవిలో.

"గుర్రాల కంపు కూడా. దొడ్లోంచి లేచి నేరుగా వచ్చేశాడు," అన్నాడు వెందెల్.

దీపాలు ఆరాయి. డ్రమ్ములు ఒక్కసారిగా మోగేసరికి కుర్చీలు అదిరాయి. గిటార్లు అరిచాయి. పొగలోంచి డ్రాగన్ లేచింది. పిల్లలంతా కేకలు పెట్టారు.

"అమ్మా, దానికెన్ని తలలు?"

"ఏడు."

"నాకు రెండే కనపడుతున్నాయి. మిగతావి తాత టోపీలో ఉన్నాయి."

వెందెల్ పళ్లు కొరికాడు.

అప్పుడొచ్చింది గుర్రం. కారునలుపు. వీపు మీద రైతు పిల్ల. వేదిక మీంచి జనం మధ్యకి ఓ చెక్క వంతెన దిగుతుంది. దాని కొస సరిగ్గా ముసలాయన ఎదురుగా ఉంది. గుర్రం వంతెన మీద కాలు పెట్టగానే ముసలాయన నడుం నిటారు చేశాడు. టోపీ ఇంకాస్త పైకి లేచింది.

"నాన్నా, కనపడట్లేదు!" బోరోకా గొంతులో ఏడుపు.

ఇక ఆగలేదు వెందెల్. ముందుకు వంగి ఆ టోపీ ఎత్తి తన ఒళ్లో పెట్టుకున్నాడు.

"తప్పుగా అనుకోకండి. పసిపిల్ల."

ముసలాయన మొదటిసారి వెనక్కి తిరిగాడు. టోపీ గీత దాకా ఎండకి మాడిన ముఖం, ఆ పైన పాలలాంటి నుదురు. కళ్లలో కోపం లేదు. బెదురుంది.

వంతెన నడిమధ్య గుర్రం ఆగిపోయింది.

చెవులు అటూ ఇటూ తిప్పింది. ఒక అడుగు వెనక్కి వేసింది. మరో అడుగు. దాని వెనక కాలు వంతెన అంచుకి వచ్చింది. రైతు పిల్ల జూలు పట్టుకుని బిగుసుకుపోయింది.

"ఎంత బాగా నటిస్తోందో చూడు!" అన్నారెవరో. చప్పట్లు మోగాయి.

"అమ్మా, అది భయపడుతోంది," అంది బోరోకా.

"నటనేనమ్మా."

ముసలాయన గొంతు పెంచలేదు.

"బాబూ, నాకివ్వకు. పాపకి పెట్టి కుర్చీ మీద నిలబెట్టు. పిల్లనైతే ఎవరూ తిట్టరు. తొందరగా."

వెందెల్‌కి సిగ్గేసింది. చెప్పినట్టే చేశాడు. టోపీ చెవుల దాకా జారింది. ముసలాయన ఎర్ర వేళ్లతో దాన్ని సర్ది, పిల్ల గడ్డం కాస్త పైకెత్తాడు.

"మెడ వంచకు తల్లీ. ఈ టోపీ పెట్టుకున్నవాళ్లు మెడ వంచరు."

బోరోకా వంచలేదు.

గుర్రం తల ఎత్తింది. ఒక్కో అడుగే వేసుకుంటూ వంతెన కొస దాకా వచ్చి, చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడింది.

"నన్నే చూస్తోంది! అమ్మా, నన్నే!"

నాలుగు వరుసలు తిరిగి చూశాయి. ఇబోయా శాలువా సర్దుకుని, తనూ నిటారుగా కూర్చుంది. ఆ పిల్ల తన పిల్ల మరి. ముసలాయన మాత్రం గుర్రం వైపు చూడలేదు. కుర్చీ ఊగకుండా రెండు చేతులతో పట్టుకుని, ఈక వైపే చూస్తూ ఉండిపోయాడు.

సూర్యుడు తిరిగొచ్చాడు. జనమంతా లేచి ఒకే లయలో చప్పట్లు కొట్టారు.

"బాగా మోశావు," అన్నాడు ముసలాయన. టోపీ తీసుకుని, జనం కదిలేలోపే వెళ్లిపోయాడు.

బోరోకా పట్టుబట్టడంతో వెనక పెరట్లోకి తీసుకెళ్లారు. రైతు పిల్ల వేషం వేసిన అమ్మాయి ఓ పెట్టె మీద కూర్చుని ఉంది. గుర్రాన్ని ఎక్కించుకున్న బండి అప్పుడే గేటు దాటుతోంది.

"మా గుర్రం సెల్లో వెళ్లిపోయిందే పాపా! ఆట అయ్యాక దాన్ని ఒక్క నిమిషం ఉండనివ్వడు తాత."

"అది నిజంగా నిప్పులు తింటుందా?"

ఆ అమ్మాయి నవ్వి పక్కనున్న గిన్నె మూత తీసింది. ఉడికించిన బీట్‌రూట్ ముక్కలు. ఆమె వేళ్లూ ఎర్రగా ఉన్నాయి.

ఇబోయా కూతురి గడ్డం వైపు చూసింది. అక్కడ రెండు ఎర్ర వేలిముద్రలు.

ఆ అమ్మాయి కూడా చూసింది.

"టోపీ పెట్టుకుని నిలబడింది నువ్వేనా? మధ్యలో ఎవరో దాన్ని తీసేశారు. కింద పడి చస్తాననుకున్నా."

వెందెల్ తల దించుకున్నాడు. బోరోకా మెడ ఇంకా వంచలేదు.

"అది పుట్టిన రోజే దాని తల్లి చచ్చిపోయింది," అంది ఆ అమ్మాయి, గేటు వైపు చూస్తూ. "తాత ఆ టోపీలోనే పాలు పోసి తాగించి బతికించాడు, ఇంత గోలలో అది అడుగు వేసేది ఆ ఈక కనపడితేనే."