రేపటి పల్లీలు

"దాచవే తల్లీ, దాచు. నీకు పుణ్యముంటుంది," అని గాజు కిటికీ ఇవతల నిలబడి గొణుగుతున్నాడు మేతాయన.

అవతల పల్లీల పళ్ళెం ముందు ఆరిందా నిలబడి ఉంది. ఆరిందా అంటే కాకి. పిల్లగా ఉన్నప్పటి నుంచే తల పక్కకు వంచి, ఇంటికి పెద్దదానిలా అన్నీ ఆరా తీసేదని ఆయనే ఆ పేరు పెట్టాడు. పక్షుల తెలివిని పరీక్షించే ఆ ల్యాబులో మేత పెట్టేది ఆయనే. రోజూ దాని ముచ్చట్లే చెబుతుంటే విసుగెత్తి, "ఇవాళ నా సవతి ఏం వెలగబెట్టిందేంటి?" అని అడిగేది భార్య.

పరీక్ష తేలికే. పళ్ళేనికి అటో గది, ఇటో గది. తెల్లారాక ఎడమ గదిలోకి వదిలితే మేత ఉంటుంది. కుడి గదిలోకి వదిలితే కడుపు మాడాల్సిందే. ఎటు వదులుతారో ముందు తెలియదు. తెలివైన కాకి సాయంత్రమే కొన్ని పల్లీలు మిగిల్చి కుడి గది ఇసుకలో దాచుకోవాలి. రేపటి ఆకలిని ఇవాళే ఊహించాలన్నమాట. ఆరిందా ఏనాడూ తప్పలేదు.

ఇవాళ అసలే తప్పకూడదు. ల్యాబు మూతపడుతోంది. నెగ్గిన పక్షిని వేరే సంస్థవాళ్ళు తెల్లారగానే వ్యానులో తీసుకెళ్తారు. ఓడినదానికి ప్రాణం తీసే సూదిమందే. చేతుల్లో పెరిగిన కాకి బయట బతకదు. పోనీ ఇంటికి తీసుకెళ్తానని మేతాయన కాళ్ళావేళ్ళా పడ్డాడు. రూలు ఒప్పుకోదన్నారు.

అయినా ఆయనకు బెంగ లేదు. ఆరిందా ఓడటమా? భలేవారే! సాయంత్రం గింజలు నానబోసేటప్పుడు కూడా ఈల వేస్తూనే ఉన్నాడు. ప్రతి పంజరం ముందూ ఓ గిన్నె ఉంటుంది. పొద్దుటి మేత అందులోనే నానాలి. తెల్లారాక అక్కడ ఉండని పక్షి గిన్నె బోర్లించేస్తారు. జబ్బుచేసిన తన జోడు కాకి గిన్నె బోర్లించిన సాయంత్రం ఆరిందా దాన్నే చూస్తూ కూర్చుంది. తెల్లారేసరికి ఆ జోడు లేదు. అది దాచుకున్న పల్లీలు ఇసుకలోనే బూజుపట్టాయి. పాపం, అదంతా పాత సంగతి. ఇవాళ మేతాయన చకచకా పని ముగించి, ఆరిందాను చంకనెత్తుకుని పరీక్షకు తెచ్చాడు.

ఆరిందా ఓ పల్లీని ముక్కున కరుచుకుంది. కుడి గదివైపు గెంతింది.

"అద్దీ! చూశారా డాక్టరమ్మా?"

పరీక్ష పెట్టడానికి వచ్చిన డాక్టరమ్మ తలూపింది.

ఆరిందా ఆగింది. ఆయన వంక ఓసారి చూసింది. వెనక్కి వచ్చి పల్లీ తినేసింది. తర్వాత ఇంకోటి. ఆ తర్వాత ఇంకోటి.

"ఒసేయ్! నీకేం మాయరోగమే! దాచు!"

"అరవకండి బాబాయ్. పరీక్ష చెల్లదు."

పళ్ళెం ఖాళీ అయింది. ఆరిందా ముక్కు తుడుచుకుని తీరిగ్గా రెక్కలు సర్దుకుంది.

డాక్టరమ్మ నిట్టూర్చింది. "రేపనేది ఒకటుందన్న ధ్యాసే లేదు బాబాయ్ దీనికి. ఇన్నాళ్ళూ ఏదో అలవాటుకొద్దీ దాచినట్టుంది."

"రేపు ఇంకొక్కసారి చూడండమ్మా. మీ కాళ్ళు పట్టుకుంటా."

"వ్యాను ఆగదు. పొద్దున్నే సూది వేయించేస్తాం. ఏమీ అనుకోకండి."

మేతాయనకు ఏడుపు ఆగలేదు. "తిండిపోతుదానా! ఒక్క పల్లీ దాస్తే నీ సొమ్మేం పోయిందే?" అని తిడుతూనే దాన్ని గుండెలకు హత్తుకుని తీసుకెళ్ళాడు. అది ఎప్పటిలాగే ఆయన చొక్కా గుండీ లాగింది. దాన్ని పంజరంలో పెట్టాడు.

పోయేముందు కడుపునిండా తిననీ అనుకుని గింజల డబ్బా తీశాడు. గిన్నె కోసం వంగాడు.

గిన్నె బోర్లించి ఉంది: ఆరిందా నెగ్గడం ఖాయం, వ్యానులో వెళ్ళే పక్షిని పరగడుపున పంపాలి అనుకుని, పరీక్షకు ముందే, దాని కళ్ళెదుటే, ఈల వేసుకుంటూ ఆయనే బోర్లించాడు.